మరణాల రిజిస్టరులో కారణం గడి

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. నర్సీపట్నం చరిత్ర అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అల్లూరి సీతారామరాజు. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు, 1924లో కొయ్యూరు దగ్గర ఆయన మరణం, కృష్ణదేవిపేటలో సమాధి, వీటి గురించి మన సభ్యులే నాకంటే బాగా రాసి ఉన్నారు. మళ్లీ అవే నేను రాయడం భావ్యం కాదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. 1971లో గుమాస్తాగా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అంతకుమించి ఎందుకు పైకి పోలేదన్నది వేరే వ్యాసం అవుతుంది. ముప్పై ఆరేళ్లు నేను చేసింది రిజిస్టర్లు రాయడం, రాసినవి సరిచూడడం, లెక్కలు కూడి పైఆఫీసుకు పంపడం. కనుక నాకు తెలిసిన చరిత్ర రిజిస్టర్ల చరిత్రే. అందులోనూ ఒక్క గడి చరిత్ర. మరణాల రిజిస్టరులో "మరణ కారణం" అనే గడి.

మన ఈడువారికి గుర్తుండే ఉంటుంది. 1984లో కరణం మునసబు ఉద్యోగాలు రద్దయ్యే వరకు పల్లెల్లో జనన మరణాలు రాసేది గ్రామ మునసబే. నెలకొకసారి ఆ కాగితాలు తాలూకా ఆఫీసుకు వచ్చేవి. ఎండిన సిరా, చెమట మరకలు, ఒక్కోసారి చుట్ట నిప్పుకు కాలిన అంచులు. కొత్తగా చేరిన నాకు వాటిని కూడే పని అప్పగించారు. ఇంగ్లీషు వాళ్ల కాలం నాటి వరసే అప్పటికీ మా చేతుల్లో నడిచేది: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు, దెబ్బలు-ప్రమాదాలు, చివర "ఇతర కారణాలు". గుండెకు విడిగా గడి లేదు. ఎవరైనా గుండె ఆగి పోతే "ఇతర కారణాలు" కింద చేరేవాడు. లేకపోతే "జ్వరం" కిందకే పోయేవాడు. మునసబుకు ఏమీ తోచకపోతే జ్వరమని రాసేవాడు. మన్యం అంచున ఉన్న తాలూకా కదా, జ్వరం అంటే అడిగేవారు లేరు. చలిజ్వరం భయంతో ఇక్కడికి బదిలీ అయితే సెలవు పెట్టే ఉద్యోగులు ఉండేవారని మా సీనియర్లు చెప్పేవారు.

ఆ గడిలోని మాటలు నా కళ్ల ముందే మారాయి. నేను చేరిన మొదటి సంవత్సరాల్లో మశూచి అనే మాట ఉంది. 1975 తర్వాత దేశంలో ఎక్కడా ఆ జబ్బు లేదు. కలరా అరుదైంది. దరిమిలా "హఠాత్తుగా", "ఛాతీనొప్పి", "పక్షవాతం", "వాయువు" అనే మాటలు ఎక్కువ కనబడ్డాయి. అప్పుడు నేను దాన్ని చరిత్ర అనుకోలేదు. చేతిరాత చదవడం సులువైందని మాత్రం సంతోషించాను.

ఆ గడిలో నా చేత్తో నేను ఒక తప్పు రాశాను. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాయడం కుదరదు.

1994 సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. నర్సీపట్నానికి ఎనిమిది మైళ్లు. మా తమ్ముడు వ్యవసాయం చేసేవాడు. వయసు నలభై రెండు. బక్కపలచని మనిషి. ఒంటిమీద చిటికెడు కొవ్వు లేదు. తెల్లారుజామున లేస్తే రాత్రి వరకు చెరుకు తోటలోనే. మాంసం పండక్కి పబ్బానికి తప్ప లేదు, మందు ముట్టడు. ఒక్క చుట్ట మాత్రం పదిహేనో ఏట నుంచి ఉంది. కనుమ మర్నాడు బెల్లం వంట సాగుతోంది. పెనం దగ్గర నిలబడి ఉన్నవాడు గట్టు మీదకొచ్చి కూర్చున్నాడు. "అన్నియ్యా, గుండెల మీద ఏటో బరువెట్టినట్టుంది" అన్నాడు. జనవరి చలిలో చొక్కా తడిసిపోయింది. పొయ్యి సెగ అనుకున్నాను. ఎడమ దవడ పట్టుకుని నొక్కుకుంటున్నాడు. పన్ను నొప్పి అనుకున్నాను. పండగ పిండివంటలు తిన్నాడు, వాయువు చేసి ఉంటుందని మా అమ్మ అంది. నేనే సైకిలు మీద పోయి సోడా తెచ్చాను. ఉప్పు, నిమ్మరసం కలిపి ఇచ్చాను. త్రేన్పు వచ్చింది, తగ్గిందన్నాడు. వాము నమలమన్నాను. పడుకోబెట్టాం. రెండు గంటలు అలా గడిచాయి. మళ్లీ నొప్పి వచ్చేసరికి జీపు దొరికించుకుని బయల్దేరాం. నర్సీపట్నం చేరకముందే పోయాడు.

వారం తర్వాత మరణం నమోదు చేయించడానికి నేనే వెళ్లాను. కారణం ఏం రాయమంటారని అడిగారు. కాగితం నా చేతికే ఇచ్చారు, ఆఫీసు మనిషినని గౌరవం. "కడుపునొప్పి" అని రాశాను.

ఇరవై రెండేళ్ల క్రితం మా నాన్నగారు పొలం గట్టు మీద కూలబడి, లేవకుండానే పోయారు. ఆయనకు యాభై. మునసబు "హఠాత్తుగా" అని రాశాడు. ఈ రెండు మాటలూ ఒకే జబ్బుకు రెండు పేర్లు కావచ్చునని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

నేను రిటైరైన తర్వాత మా పెద్దల్లుడు ఒక వైద్య పత్రికలోని వ్యాసం ముద్రించి తెచ్చి ఇచ్చాడు. అతను మందుల కంపెనీలో పనిచేస్తాడు. "మామయ్యగారూ, ఇది మీ రిజిస్టర్ల సంగతే" అన్నాడు. నిజమే. అది ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన పని. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని పేరు. హైదరాబాదుకు చెందిన కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనవి కలిసి చేశాయి. బైర్రాజు ఫౌండేషన్ పెట్టిన కుటుంబం కంపెనీ 2009 జనవరిలో ఏమైందో పాఠకులకు తెలుసు, కాని ఈ లెక్కకు దానితో సంబంధం లేదు, లెక్క లెక్కే.

వారు చేసింది ఇది. 45 గ్రామాలు తీసుకున్నారు. సుమారు 1 లక్షా 80 వేల జనాభా. 2004 అక్టోబరు వరకు పన్నెండు నెలల్లో జరిగిన 1354 మరణాలను ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. పల్లెలో చనిపోయినవారిలో ఎక్కువమందిని డాక్టరు చూసి ఉండడు, శవపరీక్ష ఉండదు. అందుకని శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇంటికి వెళ్లి, దగ్గర ఉన్నవారిని కూర్చోబెట్టి, ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అని ప్రశ్నలు వేసి రాసుకున్నారు. ఆ కాగితాలు డాక్టర్లు చదివి కారణం తేల్చారు. దీన్ని మాటల శవపరీక్ష అనవచ్చు.

తేలిందేమిటంటే, ఆ పల్లెల్లో చనిపోయినవారిలో నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అంటే గుండెపోటు, పక్షవాతం వగైరా. దెబ్బలు, ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి 13 శాతం. అంటువ్యాధులు, క్రిమి వ్యాధులు అన్నీ కలిపి 12 శాతం. నేను జీవితమంతా కూడిన గడుల వరస తలకిందులైంది. "జ్వరాలు" కిందకు పోయింది. "ఇతర కారణాలు" పైకి వచ్చి కూర్చుంది. ఈ ఫలితం 2006లో అచ్చయింది. అదే పల్లెల్లో 30 ఏళ్లు దాటినవారి రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగరు జబ్బు ఉంది. గోదావరి జిల్లాలు పచ్చని జిల్లాలు, అక్కడి తిండి వేరు, మన మన్యం అంచు పల్లెల సంగతి వేరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని కాగితాలు పక్కన పెట్టబోయాను. కాని ఆ ప్రశ్నలు నన్ను వదల్లేదు. నొప్పి ఎక్కడ? ఎంతసేపు? చెమట పట్టిందా? చెయ్యి, దవడ లాగాయా? ఒకరోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా తెల్లకాగితం తీసుకుని, మా తమ్ముడి విషయంలో ప్రశ్నలు నేనే వేసుకుని జవాబులు నేనే రాశాను. రెండో పేజీకి వచ్చేసరికి చేతిరాత నాది నాకే అర్థం కాలేదు.

బక్కగా ఉన్నవాడికి, ఒళ్లు వంచి పనిచేసేవాడికి గుండెజబ్బు ఏమిటన్నది నా రెండో ప్రశ్న. మన పెన్షనర్లలో కూడా చాలామందికి ఈ అభిప్రాయం ఉంది. నెయ్యి తినేవాడికి, బొజ్జ ఉన్నవాడికి, కారులో తిరిగేవాడికి వచ్చే షావుకారు జబ్బు అని. దీనికి జవాబు మనలాంటి ఉద్యోగుల రికార్డుల్లోనే దొరికింది. పశ్చిమ రైల్వేలో ముఖ్య వైద్యాధికారిగా చేసిన డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా గారు 1958 నుంచి 1962 వరకు దేశంలోని రైల్వే ఉద్యోగుల మరణాల లెక్క తీశారు. సుమారు 11 లక్షల 50 వేల మంది సిబ్బంది. 1967లో ప్రచురించారు. పంజాబు వైపు ఉద్యోగులు పాలు, నెయ్యి, వెన్న మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తింటారు. గుండెజబ్బు మరణాలు మాత్రం దక్షిణాది ఉద్యోగుల్లో వారికంటే ఏడు రెట్లు ఎక్కువ. పైగా మనవాళ్లు వారికంటే చిన్నవయసులో పోయారు. ఒక గుమాస్తాగా నాకు ఈ పని మీద ఎనలేని గౌరవం. ఆయన కొత్త యంత్రం ఏదీ తేలేదు. సర్వీసు రికార్డులు తెరిచి కూడారు, అంతే. అలాంటి రికార్డులు మన బీరువాల్లో ఎన్ని చెదలు పట్టిపోయాయో!

ఇక కొలెస్టరాల్ సంగతి. దీని చరిత్ర కుందేళ్లతో మొదలైంది. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే యువ వైద్యుడు కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపిస్తే వాటి రక్తనాళాల గోడల్లో పసుపుపచ్చని కొవ్వు పేరుకుంది. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1948లో అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో వేలమందిని పేర్లు రాసుకుని, ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, ఎవరికి గుండెపోటు వచ్చిందో చూడడం మొదలుపెట్టారు. బీపీ, పొగ, కొలెస్టరాల్ అనే మూడు నేరస్థులు ఆ రిజిస్టర్ల నుంచే బయటపడ్డారు. రక్తంలోని కొలెస్టరాల్‌ను కాలేయం ఎలా పట్టి తీసేస్తుందో కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పట్టుకునే శక్తి పుట్టుకతోనే తక్కువగా ఉండే కుటుంబాలు ఉంటాయని వారు చూపించారు. అటువంటి కుటుంబాల్లో గుండెపోటు నలభైల్లోనో, అంతకు ముందో వస్తుంది. మనిషి బక్కా లావా అన్నదానితో దానికి పని లేదు.

కొలెస్టరాల్ విషం కాదు. శరీరంలో ప్రతి కణానికీ కావాలి. మనం తినకపోయినా కాలేయమే తయారు చేస్తుంది. నూనె నీళ్లలో కలవదు కనుక దాన్ని రక్తంలో మూటలు కట్టి పంపుతుంది. ఎల్‌డీఎల్ అనే మూటలు ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో దిగబడతాయి. హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువని లెక్కలు చెబుతున్నాయి. ట్రైగ్లిజరైడ్లు అనేవి మరో రకం కొవ్వు. మనం ఇక్కడ గమనించాల్సింది ఈ మూడో రకాన్నే. అవసరానికి మించి తిన్న పిండి పదార్థాన్ని, అంటే అన్నాన్ని, పంచదారను, కాలేయం ట్రైగ్లిజరైడుగా మారుస్తుంది. నూనె చుక్క వేసుకోకుండా మూడుపూటలా తెల్లన్నం తిన్నవాడి రక్తంలో కూడా కొవ్వు పెరుగుతుంది. ఈ సంగతి డాక్టరు మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. అన్నంలో కొవ్వెక్కడిదండీ అని అడిగాను. ఆయన నవ్వి, "గడ్డి తిన్న గేదె పాలల్లో వెన్న ఎక్కడిదండీ" అన్నారు.

మనదేశపు లెక్కలు కూడా ఈ మాటకే సరిపోతాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వేలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్ ప్రాంతాల ఫలితాలు 2014లో వచ్చాయి. పల్లెవాసులూ పట్నవాసులూ ఇద్దరూ అందులో ఉన్నారు. మొత్తం కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారు నూటికి 14 మందే. ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవారు 12 మంది. అయితే హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవారు 72 మంది! ఏదో ఒక రకం కొవ్వు లెక్క తప్పినవారు 79 మంది. అంటే "నా కొలెస్టరాల్ 180, నాకేం భయం లేదు" అని ఆ ఒక్క అంకె చూసి ఇంటికి వెళ్లేవారిలో చాలామంది మిగిలిన వరసలు చదవలేదన్నమాట. దేశమంతటికీ 2023లో వెలువడిన లెక్కలో ఈ 79 కాస్తా 81 దాటింది. కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారు 24కు చేరారు.

దీనికి తిండి చరిత్ర కొంత కారణం. మా చిన్నప్పుడు పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం గంటి అన్నమో సామ అన్నమో, వరి అన్నం రాత్రికో, చుట్టాలొస్తేనో. ఆ వరి కూడా ఇంట్లో రోకళ్లతో దంచింది. ఊరూరా మిల్లు వచ్చింది, తవుడు గేదెలకు, తెల్లబియ్యం మనకు అయింది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. కార్డుల సవరణల్లో మన ఉద్యోగులు ఎన్ని రాత్రుళ్లు మేలుకున్నారో మరిచిపోలేం. తర్వాత రేషను షాపుల్లో పామాయిలు వచ్చింది. అందులో గట్టిపడే రకం కొవ్వు ఎక్కువ. ఇంట్లో గానుగ నువ్వులనూనె పోయింది. పెళ్లిళ్లకు డాల్డా వచ్చింది. డాల్డా వంటి వనస్పతుల్లోని ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, రెండువైపులా దెబ్బ. నూనెల్లో, కొవ్వుల్లో దీన్ని 2 శాతానికి మించనివ్వకూడదని 2022 జనవరి నుంచి మనదేశంలో నిబంధన అమలైంది.

ఇలా రాస్తున్నానని పాతదంతా బంగారమని నేను అంటున్నట్టు అనుకోవద్దు. అంబలి తాగినవాళ్లు నూరేళ్లు బతికారని సభల్లో మాట్లాడేవారిని ఆ నాటి మరణాల రిజిస్టరు ఒకసారి తిరగేయమనాలి. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయువు 32 ఏళ్లు. పిల్లలు, బాలింతలు, జ్వరాలు. గుండెపోటు రావలసిన వయసుకు చేరినవారే తక్కువ. రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. అది తప్పని నేను చచ్చినా అనను. ఆ ఆకలి చూసినవాణ్ణి. ఆకలి తీరిన తర్వాత పళ్లెంలో ఏం మారాలన్నది ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆకలికీ గుండెకూ ఇంకో లంకె కూడా ఉంది. ఇది మన రాష్ట్రంలోనే తేలింది గనుక రాస్తున్నాను. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు నగరం పక్కనున్న 29 పల్లెల్లో ఒక పరీక్ష చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండి, సోయా నూనెతో చేసినది. మిగిలిన 14 పల్లెల్లో అప్పటికి ఆ కార్యక్రమం రాలేదు. 2003-05లో ఆ ఉప్మా కాలం పిల్లలను వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు రెండో రకం పల్లెల పిల్లలకంటే 14 మిల్లీమీటర్లు పొడుగు ఉన్నారు. అది అందరూ ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, వారి రక్తనాళాలు మెత్తగా, సాగేగుణంతో ఉన్నాయి. షుగరుకు దారితీసే లక్షణం తక్కువగా ఉంది. బీపీలో, కొలెస్టరాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తల్లి కడుపులో, పసితనంలో తిండి చాలని శరీరం తర్వాత తిండి దొరికినప్పుడు దాన్ని సర్దుకోలేకపోతుందనే వాదానికి ఇది కొంత బలం ఇచ్చింది. మా తమ్ముడు 1952లో పుట్టాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో పూట గడవడం ఎంత కష్టమో మా అమ్మ చెప్పేది. వాడికి పాలు చాలక గంజి పట్టేదట.

మరో పరిశోధన చదివినప్పుడు నేనూ తమ్ముడూ ఎదురెదురుగా నిలబడ్డట్టు అనిపించింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరులోని ఫ్యాక్టరీల్లో పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగులను, పల్లెలోనే ఉండిపోయిన వారి అన్నదమ్ములను అక్కచెల్లెళ్లను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 2010లో అచ్చయింది. పట్నం వచ్చినవారికే ఊబకాయం, షుగరు ఎక్కువ. మా ఇంట్లో ఈ లెక్క తిరగబడింది. పట్నం వచ్చి కుర్చీలో కూర్చున్న నేను ఉన్నాను. ఎండలో పనిచేసిన వాడు లేడు. చుట్టే తేడా అని మా డాక్టరు అభిప్రాయం. 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరీక్షించి 2004లో వెలువరించిన ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన కూడా చెడు కొవ్వు, పొగ, ఈ రెంటినే ముందు వరసలో నిలబెట్టింది. మన దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు మిగతావారికంటే సుమారు ఆరేళ్లు ముందు, సగటున 53వ ఏట వస్తుందని కూడా అందులోనే తేలింది. మన ప్రాంతంలో ఆడవాళ్లు సైతం నిప్పు లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉందని బయటివారికి చెబితే నమ్మరు.

నా సంగతి చెబుతాను. 1998లో విశాఖపట్నంలో ఒక డాక్టరు గారు వేరే పనిమీద రక్తం పరీక్ష చేయించారు. మొత్తం కొలెస్టరాల్ 262. నాన్నగారి గురించి, తమ్ముడి గురించి అడిగారు. చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, "మీ పిల్లలకు, మీ తమ్ముడి పిల్లలకు కూడా చూపించండి" అన్నారు. మా పిల్లలకు చేయించాను. తమ్ముడి పిల్లల విషయంలో, అడగాల్సిన నోరు నాకు రాలేదు.

ఆ రోజు మొదలు రాత్రి భోజనం తర్వాత ఒక మాత్ర వేసుకుంటున్నాను. ఈ మాత్రల చరిత్ర కూడా విచిత్రమే. జపానులో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజులు వడకట్టి చూస్తే, క్యోటోలో ఒక బియ్యం కొట్టు నుంచి వచ్చిన బియ్యం మీద పట్టిన బూజులో కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం 1973లో దొరికింది. బియ్యం పెట్టిన చిక్కుకు బియ్యం మీద బూజే మందైంది! 1987లో అమెరికాలో ఈ తరహా మొదటి మాత్ర అమ్మకానికి వచ్చింది. గుండెజబ్బు వచ్చిన 4444 మంది మీద ఉత్తర ఐరోపాలో చేసిన పరీక్షలో ఈ జాతి మాత్ర మరణాలను 30 శాతం తగ్గించిందని రుజువైంది. ఆ ఫలితం 1994 నవంబరులో వచ్చింది. మా తమ్ముడు పోయింది ఆ జనవరిలో. ఆ నవంబరు నాటికి బతికి ఉన్నా ఆ మాత్ర మా పల్లెకు చేరి ఉండేది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా సంవత్సరం అదే కావడం మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు మాత్రలు నర్సీపట్నంలో ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. దొరకడం వేరు, వేసుకోవడం వేరు. పశ్చిమ గోదావరి జిల్లాలోని 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లు ఇచ్చి, ఎవరికి గుండెపోటు ముప్పు ఎక్కువో ఇంటి దగ్గరే లెక్క కట్టించి, డాక్టరు దగ్గరకు పంపించే ప్రయోగం జరిగింది. ఫలితం 2019లో వెలువడింది. బీపీ అదుపులో ఉన్నవారి సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫైలు కదిలింది, డిస్పోజల్ కాలేదు. ఇప్పుడు మన పల్లెల్లో కూడా ముప్పై దాటినవారికి ఆశాలు, ఏఎన్‌ఎంలు బీపీ, షుగరు చూస్తున్నారు. కొలెస్టరాల్‌కు మాత్రం రక్తం తీసి లేబొరేటరీకి పంపాల్సిందే.

1994తో పోలిస్తే మరో తేడా. మన ఊళ్లో రైలు లేదు, నర్సీపట్నం రోడ్డు అనే స్టేషను పేరుకే మనది. విశాఖ పెద్దాస్పత్రి సుమారు 80 కిలోమీటర్లు. 2005 నుంచి 108 ఉంది, 2007 నుంచి ఆరోగ్యశ్రీ. ఇటీవలి సంవత్సరాల్లో ఏరియా ఆస్పత్రుల్లోనే ఈసీజీ తీసి, నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఇచ్చి, పెద్దాస్పత్రికి పంపే ఏర్పాటు రాష్ట్రంలో మొదలైంది. ఆ ఇంజెక్షను నొప్పి మొదలైన తొలి గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. సోడా తాగించి రెండు గంటలు పడుకోబెడితే ఆ గంటలు పోతాయి. చెమటతో, దవడకో చేతికో పాకే ఛాతీనొప్పి వస్తే వాయువా కాదా అన్నది ఈసీజీ తేలుస్తుంది. మనం తేల్చకూడదు.

ఇక చివరి సంగతి. మా తమ్ముడి కొడుకు నర్సీపట్నంలోనే వ్యాను నడుపుతాడు. వయసు నలభై మూడు. వాళ్ల నాన్నకంటే ఒక ఏడాది పెద్దవాడయ్యాడు. ఇది గుర్తొచ్చిన రోజున నేను ఉండబట్టలేక వాడిని లాక్కుపోయి రక్తపరీక్ష చేయించాను. ట్రైగ్లిజరైడ్లు 310, హెచ్‌డీఎల్ 32, ఎల్‌డీఎల్ 168. "నాకే నొప్పీ లేదు గదా పెదనాన్నా. ఆ మాత్రలు మొదలెడితే చచ్చేదాకా మింగాలంట, లివర్ పోద్దంట. వాట్సాప్‌లో వచ్చింది" అన్నాడు. లివర్ కోసం కూడా డాక్టరు పరీక్ష చేయిస్తారు, అది నాకూ చేశారు అని చెప్పాను. విననట్టే కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాను. సోడా ఎవరు తెచ్చారో, ఎన్ని గంటలు ఆగామో, ఆ గడిలో ఎవరు ఏం రాశారో. వాడికి అప్పుడు పన్నెండేళ్లు, తాతయ్య ఇంట్లో ఉన్నాడు. వాడికి తెలిసింది నాన్న కడుపునొప్పితో పోయాడనే. ఇన్నాళ్లూ ఎవరడిగినా అదే చెబుతున్నాడట. లేబొరేటరీలో రాసిచ్చే ఫారంలో కూడా కుటుంబంలో గుండెజబ్బు "లేదు" అని టిక్కు పెట్టాడు. అది నా రాత వల్ల వచ్చిన టిక్కు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల నుంచి మా మరదలు వచ్చి, "మీరేటి చేస్తారు బావగారూ, అప్పుడెవరికి తెలుసు" అంది. ఆమె మొహం వంక నేను చూడలేకపోయాను.

జనన మరణాల నమోదు చట్టం, 1969. సెక్షను 15. నమోదులో తప్పు ఉంటే సవరించే వీలు అందులో ఉంది. ఎంతమందికో ఆ అర్జీలు నేనే రాసి పెట్టాను, పేర్లు తప్పయితే, తేదీలు తప్పయితే. కారణం సవరించమంటే దాఖలా అడుగుతారు. డాక్టరు సర్టిఫికెట్టు లేదు, ఈసీజీ లేదు. 2020లో కూడా దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధృవీకరించినవి 22.5 శాతమే. 1994లో మా పల్లెలో ఎక్కడ నుంచి తేను? అర్జీ రాసి బీరువాలో పెట్టుకున్నాను, పంపలేదు.

మావాడు మర్నాడు పొద్దున్న వ్యాను మా ఇంటి ముందు ఆపి, ఫారం మళ్లీ రాయాలి పెన్ను ఇవ్వు పెదనాన్నా అన్నాడు. "తండ్రి" అన్న చోట "గుండెజబ్బు, 42" అని రాశాడు. "తాత" అన్న చోట ఏం రాయాలని అడిగితే, "గుండెజబ్బు, 50" అని రాయమన్నాను. మాత్ర మొదలుపెట్టి ఆరు వారాలైంది. మూడు నెలలకు మళ్లీ రక్తం ఇవ్వాలన్నారు. నాదీ ఒక పరీక్ష బాకీ ఉంది, ఇద్దరం కలిసే వెళ్తాం.